మంగళవారం బండి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో, నాజీల నుంచి దాక్కుని డైరీ రాసిన యూదు బాలిక ఆన్ ఫ్రాంక్ గురించి రాస్తూ, పట్టుబడ్డాక ఆ కుటుంబాన్ని 1944 ఆగస్టులో నెదర్లాండ్స్‌లోని వెస్టర్‌బోర్క్ అనే శిబిరానికి తీసుకెళ్ళారని, అక్కడి నుంచే పోలండులో నాజీలు యూదులను చంపే శిబిరమైన ఆష్విట్జ్‌కు పంపారని ఒక పేరా రాశాను. అక్కడ పెద్ద ఆసుపత్రి ఉండేదని కూడా ఒక మాట అన్నాను. ఆ పేరా మీదే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. ఈసారి చోటంతా వాటికే. చంద్రగిరి కోట గురించి అడిగినవాళ్ళు దయచేసి వచ్చే నెల దాకా ఆగండి.

ప్రశ్న: మేడమ్, ఇరవై రెండేళ్ళుగా వార్డులో పనిచేస్తున్నాను. ఆ శిబిరంలో ఆసుపత్రి ఉండేదని చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. చంపడానికి పంపేవాళ్ళకు వైద్యం చేయడం ఎందుకు? అక్కడి నర్సులు ఏమనుకుని డ్యూటీ చేసుంటారు?
— స్టాఫ్ నర్సు, చిత్తూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చరిత్ర పాఠం ముప్పై ఏళ్ళు చెప్పాను గానీ ఈ ప్రశ్న ఇంత సూటిగా నన్ను ఎవరూ అడగలేదు.

ముందు ఒక సంగతి. వెస్టర్‌బోర్క్‌ను కట్టింది జర్మన్లు కాదు. 1938 నవంబరులో జర్మనీలో యూదుల ఇళ్ళు, దుకాణాలు, ప్రార్థనా మందిరాలు తగలబెట్టాక చాలామంది సరిహద్దు దాటి నెదర్లాండ్స్‌కు పారిపోయి వచ్చారు. వాళ్ళను ఒకచోట ఉంచడానికి డచ్చి ప్రభుత్వమే శిబిరం కట్టింది. ఖర్చు మాత్రం అక్కడి యూదుల మీద వేసింది. మొదట వేరే చోటు చూశారు. అది తన భవనానికి మరీ దగ్గరని రాణి విల్హెల్మినా ఒప్పుకోలేదు. దాంతో దేశానికి ఈశాన్యంగా, డ్రెంథె అనే ప్రాంతంలో, చెట్టూ చేమా లేని ఇసుక బయలులో బరాకులు లేచాయి. గాలి వీస్తే కళ్ళలో ఇసుక, వాన పడితే మోకాలిలోతు బురద. 1939 అక్టోబరులో మొదటి శరణార్థులు వచ్చారు. మరుసటి మే నెలలో జర్మనీ ఆ దేశాన్ని ఆక్రమించింది. 1942 జూలై 1న శిబిరం జర్మన్ల చేతికి వెళ్ళింది. అదే నెల 15న ఖైదీలతో మొదటి బండి ఆష్విట్జ్‌కు కదిలింది. ఆశ్రయం కోసం వేసిన కంచె అలాగే ఉంది, తాళం చేతులు మారింది.

ఇప్పుడు ఆసుపత్రి. ఒక దశలో అందులో 1,725 మంచాలు, 120 మంది దాకా డాక్టర్లు ఉండేవారు. మొత్తం సిబ్బంది వెయ్యికి పైనే. మీరు ఆసుపత్రిలో పనిచేస్తున్నారు కాబట్టి ఆ అంకెలు ఎంతో మీకు నాకన్నా బాగా తెలుసు. డాక్టర్లు, నర్సులు, రోగులు అందరూ యూదులే, అందరూ ఖైదీలే. ఆమ్‌స్టర్‌డామ్‌లో పేరున్న సర్జన్లు, పిల్లల డాక్టర్లు అక్కడ పనిచేశారు. ఆపరేషన్లు జరిగాయి, కాన్పులు జరిగాయి.

అక్కడ నెలలు నిండకుండా ఒక మగబిడ్డ పుట్టాడు. ఆ శిబిరానికి కమాండెంట్ గెమ్మెకర్ అనే, హిట్లర్ సాయుధ దళమైన ఎస్‌ఎస్ అధికారి. బిడ్డను ఎలాగైనా బతికించాలని ఆయనే పట్టుబట్టాడు. గ్రోనింగన్ నుంచి ఇంక్యుబేటర్ తెప్పించారు. పిల్లల వైద్యంలో పేరున్న ప్రొఫెసరును పిలిపించారు. బొట్టు బొట్టుగా పాలు. రోజూ తూకం. నర్సులు వంతులు వేసుకుని చూసుకున్నారు. బిడ్డ నిలిచాడు, ఒళ్ళు చేశాడు. తగినంత బరువు వచ్చాక ఆ బిడ్డను రైలెక్కించి పంపేశారు.

ఇది చదివి మీరు కాసేపు ఊరికే కూర్చుంటారని నాకు తెలుసు. నేనూ కూర్చున్నాను.

ఎందుకు వైద్యం చేశారంటే, నాకు అర్థమైనది చెబుతాను. జ్వరాలు ప్రబలితే కాపలావాళ్ళకూ అంటుకుంటుంది, బళ్ళు ఆగిపోతాయి, అది ఒకటి. అంతకన్నా పెద్దది, ఆసుపత్రి ఉన్న చోటును ఎవరూ చావుకు వాకిలి అనుకోరు. వెస్టర్‌బోర్క్‌లో బడి ఉంది, కుట్టుపని షెడ్లు ఉన్నాయి, దుకాణం ఉంది, కొన్నాళ్ళు శిబిరం లోపలే చెల్లే నోట్లు కూడా అచ్చువేశారు. సంగీత బృందం ఉంది. బెర్లిన్‌లో పేరు మోసిన హాస్యనటులు, పాటగాళ్ళు అక్కడ ఖైదీలు. వాళ్ళ ప్రదర్శనలకు గెమ్మెకర్ ముందు వరసలో కూర్చునేవాడు. ఆయన ఖైదీలను కొట్టేవాడు కాదట, గట్టిగా అరిచేవాడు కూడా కాదట. ఆయనకు కావలసింది ఒక్కటే. బెర్లిన్ నుంచి వచ్చిన అంకె ప్రకారం, వారం వారం మంగళవారం బయలుదేరే బండి నిండాలి, గొడవ లేకుండా కదలాలి. మనుషులు ఇంకా ఆశతో ఉంటేనే గొడవ ఉండదు. ఆసుపత్రి ఆ ఆశను నిలబెట్టింది.

డాక్టర్ల లెక్క మాత్రం వేరు. ప్రయాణానికి పనికిరాడు అని రాసిస్తే ఆ రోగికి ఒక వారం దొరికేది. వారం అంటే ఏడు రోజుల బతుకు. ఆ ఒక్క కాగితం కోసం ఎంతమంది కాళ్ళావేళ్ళా పడ్డారో. అంకె తగ్గిన వారం మంచాల మీద ఉన్నవాళ్ళనూ తీసేవారు. ప్రాణం పోయే దశలో ఉన్నవాళ్ళను స్ట్రెచర్ల మీద మోసుకెళ్ళి గూడ్సు పెట్టెల్లో గడ్డి మీద పడుకోబెట్టారు. తూర్పున పని చేయించడానికి తీసుకెళుతున్నామన్న మాట అబద్ధమని నర్సులకు అప్పుడే తెలిసిపోయి ఉంటుంది. కదలలేని ముసలమ్మ ఏం పని చేస్తుంది?

వాళ్ళు ఏమనుకుని డ్యూటీ చేశారని అడిగారు. 1943లో పత్రికా విలేఖరి ఫిలిప్ మెఖానికస్ ఆ ఆసుపత్రిలో రోగిగా ఉంటూ బడిపిల్లల నోటుబుక్కుల్లో రోజువారీ డైరీ రాశాడు. ఎటీ హిల్లెసమ్ అనే ఇరవై తొమ్మిదేళ్ళ అమ్మాయి బండి వెళ్ళే రాత్రుల గురించి ఉత్తరాలు రాసింది. ఆ రాత్రుల్లో పసిపిల్లలకు బట్టలు తొడగడం, పాలసీసాలు మూటల్లో సర్దడం, ఏడ్చే తల్లుల పక్కన కూర్చోవడం తను చేసిన పని. చేతిలో ఉన్నది ఆ రాత్రికి చేయగల పని ఒక్కటే. మీ వార్డులో ఇక లాభం లేదని తెలిసిన మనిషికి కూడా మీరు దిండు సరిచేసే ఉంటారు కదమ్మా.

ప్రశ్న: అంతమంది ఉండి ఎందుకు తిరగబడలేదు? పారిపోవచ్చు కదా? పైగా వెళ్ళేవాళ్ళ జాబితాలు యూదులే తయారుచేశారని చదివాను. నమ్మబుద్ధి కావడం లేదు.
— ఎం.ఏ. విద్యార్థి, తిరుపతి

జవాబు: బాబూ, నమ్మవలసిందే. ఎంతమంది వెళ్ళాలో బెర్లిన్ చెబుతుంది, గెమ్మెకర్ కిందికి చెబుతాడు. ఏ పేర్లు అన్నది శిబిరంలోని యూదు కార్యాలయం తేలుస్తుంది. దాని పెద్ద కుర్ట్ ష్లెసింగర్, శరణార్థిగా వచ్చిన జర్మన్ యూదుడు. ముందునుంచీ శిబిరంలో ఉన్న జర్మన్ యూదుల చేతిలో కొలువులు ఉండేవి. తర్వాత వచ్చిన డచ్చి యూదులు వాళ్ళను చూసి కుమిలిపోయేవారు. బాధితుల మధ్యే ఈ చీలిక పెట్టడం ఆ ఏర్పాటులోని అసలు కిటుకు. అంత పని చేయించుకోవడానికి జర్మన్లకు అక్కడ కొద్దిమంది సొంత మనుషులు సరిపోయారు.

గుర్తింపు కార్డు మీద ముద్ర పడితే ప్రస్తుతానికి మినహాయింపు. ఆ ముద్రల్లో రకరకాలు, ఒక్కోదానికి ఒక్కో విలువ. సిఫారసు అంటే ఏమిటో తిరుపతివాళ్ళకు చెప్పనక్కరలేదు. దర్శనం కోసం కాదు, బిడ్డ ప్రాణం కోసం సిఫారసుకు తిరిగే ఊరిని ఊహించుకో. ఒక రోజు పొద్దున ఆ రకం ముద్ర ఇక చెల్లదని చెబుతారు. అంతే.

సోమవారం రాత్రి బరాకులో దీపాలు వేస్తారు. మూడంతస్తుల ఇనుప మంచాలు, ఒక్కో బరాకులో మూడు వందల మంది దాకా. బరాకు పెద్ద కాగితం పట్టుకుని పేర్లు చదువుతాడు. తన పేరు రానివాడు ఊపిరి వదులుతాడు, పక్క మంచం మీద వాడికి ఊపిరి ఆగుతుంది. తెల్లవారితే మూట, దుప్పటి, రొట్టె ముక్క. పేరు లేనివాళ్ళు బరాకు దాటి బయటికి రాకూడదు. పదకొండు గంటల ప్రాంతంలో ఈల వేస్తారు. ఆ రైలు పట్టా పక్క దారికి ఖైదీలే 'కష్టాల రాజవీధి' అని పేరు పెట్టుకున్నారు. ఆ సాయంత్రం శిబిరమంతా తేలికపడుతుంది. ఇంకో ఆరు రోజులు ఉన్నాయి.

కొందరు పారిపోయారు, వందల్లోనే. కానీ చుట్టూ దాక్కోవడానికి పొద కూడా లేని బయలు. దొరికితే నీకు శిక్ష, దొరకకపోతే నీ బదులు ఇంకొందరికి. ఎవడన్నా తప్పించుకుంటే ఆ బరాకులోంచి అదనంగా మనుషులను బండెక్కించేవారు. అమ్మా నాన్న లోపల ఉండగా కంచె దూకడం వయసులో ఉన్నవాడికి ఎంత కష్టమో నీ వయసుకు నువ్వే ఆలోచించు. జాబితా రాసినవాళ్ళ మీద తీర్పు చెప్పమని క్లాసులో పిల్లలు నన్ను ఎన్నోసార్లు అడిగారు. నేను చెప్పలేదు. ఆ గుమాస్తా చేతికి కలం ఇచ్చినవాడి మీద మాత్రం తీర్పు చెప్పగలను. 1949లో గెమ్మెకర్‌కు డచ్చి కోర్టు పదేళ్ళ శిక్ష వేసింది. ఆ బళ్ళు ఎక్కడికి, ఎందుకు వెళుతున్నాయో తనకు తెలియదని వాదించాడు. 1951లో విడుదలై జర్మనీలో ఇంటికి వెళ్ళిపోయాడు. దాదాపు ఎనభై వేల మందిని ఆయన హయాంలోనే పంపారు.

ప్రశ్న: నేను రైల్వేలో 34 ఏళ్ళు చేసి రిటైరైనాను. అమ్మా, ఆ బళ్ళు నడిపింది ఎవరు? డ్రైవరు, గార్డు, స్టేషన్ మాస్టరు లేకుండా బండి అంగుళం కదలదు గదా.
— విశ్రాంత లోకో పైలట్, రేణిగుంట

జవాబు: అన్నా, మా నాన్న కూడా రేణిగుంటలో గూడ్సు గార్డు. ఆయన లైను పెట్టె, ఎర్రా పచ్చా జెండాలు మా ఇంట్లో ఇంకా ఉన్నాయి. ఎన్ని పెట్టెలు, ఏ పెట్టె నంబరు ఏది, ఎన్నింటికి బయలుదేరింది, ఎక్కడ ఎంతసేపు ఆగింది అన్నీ రాసుకునేవాడు. ఈ సంగతి చదివిన ప్రతిసారీ నాకు ఆ పుస్తకం గుర్తొస్తుంది.

సరిహద్దు దాకా నడిపింది డచ్చి రైల్వే వాళ్ళే. అక్కడ ఇంజనూ సిబ్బందీ మారి జర్మన్ రైల్వే తీసుకునేది. ఊరికే కాదు, బిల్లులు వేసి డబ్బులు తీసుకున్నారు. మొదట్లో పట్టా శిబిరం దాకా లేదు. హోహాలెన్ స్టేషన్‌కు జనం మూటలు మోసుకుని సుమారు 5 కిలోమీటర్లు నడిచేవారు. 1942 నవంబరుకు శిబిరం నడిబొడ్డుకే పట్టా వేశారు. పెట్టెల మీద వేలాడదీసిన పలక అప్పటి ఫిల్ములో కనబడుతుంది: వెస్టర్‌బోర్క్–ఆష్విట్జ్, ఆష్విట్జ్–వెస్టర్‌బోర్క్. పెట్టెలు విడదీయవద్దని, బండి మొత్తం తిరిగి రావాలని దాని మీద సూచన. మీ భాషలో రేక్ ఖాళీగా వెనక్కి వచ్చేది. అవే పెట్టెలు తిరిగొస్తే శిబిరంలోవాళ్ళే వాటిని కడిగారు. ఒక్కో పెట్టెలో డెబ్బై మంది దాకా, నీళ్ళకు ఒక పీపా, మలమూత్రాలకు ఒక పీపా. ఆష్విట్జ్‌కు దాదాపు మూడు రోజులు.

మొత్తం 90కి పైగా బళ్ళు, లక్షకు పైగా మనుషులు. తిరిగి వచ్చినవాళ్ళు 5,000 మంది. 1943 మార్చి నుంచి జూలై దాకా 19 బళ్ళు పోలండులోని మరో చంపుడు శిబిరం సోబిబోర్‌కు వెళ్ళాయి. వాటిలో 34,000 పైచిలుకు జనం, బతికినవాళ్ళు ఇరవై మంది కూడా లేరు. యుద్ధానికి ముందు నెదర్లాండ్స్‌లో సుమారు 1,40,000 మంది యూదులు ఉండేవారు, 1,02,000 మంది పోయారు. పడమటి ఐరోపాలో ఇంత నిష్పత్తిలో ఇంకే దేశంలోనూ పోలేదు.

అందరూ తల వంచారని కాదు. 1941 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్‌లో యూదులను పట్టుకెళుతున్నారని ట్రామ్ కార్మికులు, ఓడరేవు కూలీలు సమ్మె చేశారు. ఊరంతా స్తంభించింది. జర్మన్లు కాల్చి అణచివేశారు. రైల్వేవాళ్ళూ సమ్మె చేశారన్నా, దేశమంతా, 1944 సెప్టెంబరు 17న. లండన్‌లో ఉన్న డచ్చి ప్రభుత్వం రేడియోలో చెప్పాక, మిత్రసైన్యానికి సాయంగా. వెస్టర్‌బోర్క్ నుంచి చివరి బండి వెళ్ళింది సెప్టెంబరు 13న. ఆన్ ఫ్రాంక్ వెళ్ళిన బండి సెప్టెంబరు 3న, 1,019 మందితో. అది మంగళవారం కూడా కాదు, ఆదివారం. ఆష్విట్జ్‌కు ఆ శిబిరం నుంచి వెళ్ళిన ఆఖరి బండి అదే.

డచ్చి రైల్వే 2005లో క్షమాపణ చెప్పింది. 2019లో బతికున్నవాళ్ళకు, చనిపోయినవాళ్ళ కుటుంబాలకు పరిహారం ఇచ్చింది. మా నాన్న ఉండుంటే ఏమనేవాడో నాకు తెలియదు. ఆయన ఎప్పుడూ ఒకటనేవాడు, గార్డు జెండా ఊపితేనే బండి కదులుతుందని. గర్వంగా అనేవాడు. ఇప్పుడు ఆ మాట నాకు బరువుగా ఉంది. మీ ఉత్తరంలోనూ ఆ బరువే కనిపించి జవాబు ఇంత పొడుగైంది.

ప్రశ్న: ఆంటీ, మీ వ్యాసంతో పాటు వేసిన ఫోటోలో రైలు తలుపు సందులోంచి ఒక అమ్మాయి చూస్తా ఉంది. తలకు తెల్లగుడ్డ కట్టుకుని ఉంది. గుండు చేయించుకుందా? ఆ ఫోటో కత్తిరించి ప్రాజెక్టు బుక్కులో అంటించినా. కింద ఏం రాయాలి?
— తొమ్మిదో తరగతి, తిరుపతి

జవాబు: సరిగ్గా గమనించావు తల్లీ. పెద్దవాళ్ళు చాలామంది ఆ గుడ్డ చూసి అంతటితో వదిలేశారు.

గుండు చేయించుకోలేదు, చేశారు. మన ఊళ్ళో కల్యాణకట్టలో పిల్లలకు గుండు చేయిస్తే ఏడుస్తారు, తర్వాత అమ్మ చందనం పూస్తుంది, మేనమామ ఒడిలో కూర్చోబెట్టుకుంటాడు. ఆ అమ్మాయికి శిబిరంలోకి రాగానే, పేల పేరు చెప్పి, అడక్కుండా గొరిగేశారు. నున్నటి తల కనబడకుండా గుడ్డ చుట్టారు.

ఆ ఫోటో ఒక ఫిల్ములోది. గెమ్మెకర్ తన శిబిరం ఎంత బాగా నడుస్తోందో పైవాళ్ళకు చూపించాలని 1944లో ఫిల్ము తీయించాడు. తీసింది రుడోల్ఫ్ బ్రెస్లావర్ అనే ఖైదీ, మ్యూనిక్ ఫోటోగ్రాఫరు. అందులో ఆ అమ్మాయి కొన్ని క్షణాలే కనబడుతుంది. అతన్నీ కుటుంబాన్నీ ఆ సంవత్సరమే పంపేశారు. కూతురు ఒక్కతే బతికింది. అదే ఫిల్ములో తోపుడుబండి మీద తోసుకెళుతున్న ఒకామె సూట్‌కేసు మీద పేరు, పుట్టిన తేదీ కనబడతాయి. ఆ సూట్‌కేసును పట్టుకునే అది ఏ రోజు బండో తేల్చారు: 1944 మే 19.

యాభై ఏళ్ళపాటు ఆ అమ్మాయి ఎవరో ఎవరికీ తెలియలేదు. యూదు పిల్ల అనుకుని పుస్తకాల నిండా వేశారు. 1994లో ఆడ్ వాగెనార్ అనే డచ్చి విలేఖరి వెతికి పట్టుకున్నాడు. ఆమె యూదు పిల్ల కాదు, సింతి పిల్ల. బళ్ళలో తిరుగుతూ బతికే రోమా, సింతి జనం అక్కడ ఉన్నారు. వాళ్ళ పూర్వీకులు వెయ్యేళ్ళ కిందట మన దేశం నుంచే వెళ్ళారు. ఇప్పటికీ నీళ్ళను వాళ్ళు 'పానీ' అనే అంటారు, ముక్కును 'నాక్' అంటారు. నాజీలు వాళ్ళనూ చంపారు. ఆ రోజు బండిలో 245 మంది సింతి, రోమాలను ఎక్కించారు.

ఆ అమ్మాయి ఉన్న రైలు పెట్టెలోనే వెళ్ళి బతికి వచ్చిన ఒక సింతి స్త్రీ విలేఖరికి ఒక సంగతి చెప్పింది. తలుపు మూసేటప్పుడు ఆ పిల్ల సందులోంచి బయటికి చూస్తూ ఉంటే, తల ఇరుక్కుంటుందని భయపడి తల్లి పేరు పెట్టి పిలిచిందట, ఇటు రమ్మని. ఆ పిలుపు ఆమెకు గుర్తుండిపోయింది. అలా పేరు దొరికింది.

ఫోటో కింద ఇలా రాయి, స్కెచ్‌తో కాకుండా పెన్నుతో రాయి, చెరిగిపోకుండా ఉంటుంది:

సెట్టెలా స్టైన్‌బాక్. పుట్టింది 1934 డిసెంబరు 23. వెస్టర్‌బోర్క్ నుంచి పంపింది 1944 మే 19. ఆష్విట్జ్‌లో చనిపోయేనాటికి వయసు తొమ్మిదేళ్ళు. లోపలి నుంచి వాళ్ళమ్మ పిలుస్తోంది.